వేలికి చుట్టిన పీలిక

మూడో తొట్టిలోని పాపకు ఉగ్గుగిన్నెతో ఆఖరి చుక్క పోసి, నాగమణి మూతి తుడిచింది. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని నాలుగో తొట్టి దగ్గరికి నడిచింది. ముప్పై ఒక్కేళ్లుగా రోజుకు యాభైసార్లు కడిగిన చేతులు. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. డ్యూటీకి వచ్చేముందు ఉంగరం తీసి సూత్రాల తాడుకు పిన్నీసుతో తగిలించుకోవడం అలవాటు. వేళ్లకు ఏమీ ఉండకూడదు.

వార్డులో పదకొండు మంది పసిబిడ్డలు. రెండో నర్సు సెలవు పెట్టింది. ఊపిరి ఆగితే కూత పెట్టే యంత్రాలు రెండే, అందులో ఒకటి చెడిపోయి బీరువా ఎక్కింది. అందుకే నెలలు నిండని పిల్లల కాలికి మెత్తటి బ్యాండేజి పీలిక కట్టి, రెండో కొస తల్లి వేలికి తొడుగుతారు. బిడ్డ గుండె మీద చర్మం కదలడం ఆగిందంటే తల్లి పీలికను మెల్లగా లాగాలి. బిడ్డ ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీసుకుంటుంది.

"వీళ్లు ఊపిరి మరిచిపోతారమ్మా. తొందరపడి వచ్చేశారు కదా, ఇంకా అలవాటు కాలేదు. మనమే గుర్తు చెయ్యాలి," అని ప్రతి తల్లికీ చెబుతుంది నాగమణి.

ఏడో తొట్టి దగ్గర జాలరిపేట నూకరత్నం స్టూలు మీద కూర్చుని ఉంది. చూపుడువేలికి పీలిక. తొట్టిలో తొమ్మిది రోజుల మగపిల్లాడు, కిలో రెండు వందలు. తండ్రి వరహాలు బోటు మీద వేటకు వెళ్లి పన్నెండు రోజులైంది. కొడుకు పుట్టాడని అతనికి ఇంకా తెలియదు. బోటు రేపు వస్తుంది. అప్పటిదాకా బిడ్డను నిలపాలన్నదే ఆ పిల్ల పంతం.

"పొద్దుట్నించి ఎన్నిసార్లు లాగావు?"

"నాలుగుసార్లు సిస్టరమ్మా. రెండుసార్లు నాను లాగకుండానే ఆడే తీసుకున్నాడు."

లోపలికి రానివ్వరు కనుక అత్త చిట్టమ్మ గుమ్మం బయట కూర్చుని ఉంది. కళ్లకు శుక్లాలు, నోటికి మాత్రం ఏమీ లేదు. "నా కొడుకు గేలం తాడు యేలికి సుట్టుకుని సేప ఎప్పుడు లాగుద్దా అని కూకుంటాడు. ఇక్కడేటో మనవే లాగాల. మా ఇంటి మగోళ్లు ఊపిరికి కూడా బద్దకస్తులేనమ్మా!"

"నువ్వుండత్తా. నవ్వితే సూపు తప్పుద్ది," అంది రత్నం. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తొమ్మిది రోజులుగా ఆ పిల్ల నిద్ర అంతా ముక్కలే.

"రెండింటికి నేనొచ్చి పట్టుకుంటాను. వరండాలో ఓ గంట నడుం వాల్చు," అంది నాగమణి.

"నిజంగా వత్తారా?"

"రెండింటికి. గడియారం చూసుకో."

రెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా గాజువాక వైపునుంచి ఆటోలో తువ్వాలులో చుట్టిన బిడ్డ వచ్చింది. మంచులా చల్లగా ఉంది. వెచ్చచేసి, ఆక్సిజన్ పెట్టి, వెంట్రుకంత నరంలోకి సూది ఎక్కించాలి. చిన్న డాక్టరు జయంత్ బిడ్డ చేతిని కదలకుండా పట్టుకుంటే, నాగమణికి మూడోసారికి ఎక్కింది. నాగమణి మరిచిపోలేదు. రెండు కొట్టినప్పుడు గుర్తుంది, పది నిమిషాలు దాటినప్పుడూ గుర్తుంది. చేతిలో ఉన్న బిడ్డను ఎక్కడ దించుతుంది?

రెండూ ఇరవైకి ఏడో తొట్టి దగ్గరికి వచ్చింది. రత్నం తల గోడకు ఆనింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. వేలు చాచే ఉంది, పీలిక వదులుగా వేలాడుతోంది. బిడ్డ పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

నాగమణి లాగింది. అరికాలు మీద కొట్టింది. కదల్లేదు. రత్నం వేలి నుంచి ఉచ్చు తప్పించి, చేతులు ఖాళీ లేక తన వేలికే తగిలించుకుని, బిడ్డను ఎత్తి పక్కగదిలోని బల్ల దగ్గరికి పరిగెత్తింది. జయంత్ వచ్చాడు. ఆమె గాలిసంచి నొక్కుతుంటే అతను రెండు వేళ్లతో గుండె నొక్కాడు. అరగంట గడిచాక అతని వేళ్లు ఆగాయి.

గుమ్మంలో రత్నం నిలబడి ఉంది. బిడ్డను కాదు, ముందు తన వేలినే చూసుకుంటోంది.

"సిస్టరమ్మా... తాడు నా దగ్గరుండాల గదా. నాను నిద్రోయేనా?"

నాగమణి తన చేతికేసి చూసుకుంది. ఉచ్చు ఇంకా వేలికే ఉందని అప్పుడే తెలిసింది. ప్రతి పౌర్ణమికీ సత్యనారాయణ వ్రతం చేసుకునే మనిషి. ఇంట్లో పిల్లలు చిన్న బొంకు బొంకినా ఊరుకునేది కాదు.

"రెండింటికి వస్తానన్నాను కదమ్మా. వచ్చాను. నీ కన్ను మూతపడగానే నేనే తీసుకున్నాను. నా చేతిలోనే పోయాడు."

రత్నం గోడ పట్టుకుని కూలబడింది. గుమ్మం బయటనుంచి చిట్టమ్మే అరిచింది. "తొమ్మిది రోజులు కాసింది నా కోడలు! నువ్వు ఒక్క గంట కాయలేపోయావా? నీ సెయ్యి పడిపోను!"

రెండింటికి ఆమె ఎక్కడుందో జయంత్‌కు తెలుసు. ఏదో అనబోయాడు. నాగమణి అతనివైపు చూసింది. ఊరుకున్నాడు.

కేసు కాగితం మీద, కనిపెట్టుకుని ఉన్నవారు అన్నచోట ఆమె తన పేరు రాసింది.

"ఇలా రాస్తే పైవాళ్లు మిమ్మల్నే అడుగుతారు సిస్టర్."

"అడగనివ్వండి బాబూ. రెండింటి నుంచి కాపలా నాదే కదా."

బిడ్డ కాలి నుంచి పీలిక ముడి విప్పకుండానే జారి వచ్చింది. చిట్టమ్మ మనవణ్ణి పాతచీర ముక్కలో చుట్టుకుని మెట్లు తడుముకుంటూ దిగింది. నాలుగడుగుల వెనక రత్నం. చూపుడువేలు ఇంకా ముందుకు చాచే ఉంది.

సాయంత్రం నాగమణి ఇంటికి వచ్చి తలస్నానం చేసి దీపం పెట్టింది. భర్త కామరాజు పోర్టు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. చందనం పూతలో ఉన్న సింహాద్రి అప్పన్న పటం ముందు చాలాసేపు కూర్చుంది. పెద్దవాళ్లను అడిగినట్టే అడిగింది. "స్వామీ, ఆ పిల్లకు నేను చెప్పింది అబద్ధమేనా? నేను చెప్పిన వేళకు వచ్చి ఉంటే అది నిజమే అయ్యేది కదా?"

వత్తి చిటపటలాడి సర్దుకుంది.

పిన్నీసు విప్పి ఉంగరం తీసింది కాని వేలికి పెట్టుకోలేదు. కుంకుమ భరిణె పక్కన పెట్టి లేచింది. దాని పక్కనే వార్డు నుంచి తెచ్చుకున్న బ్యాండేజి పీలిక ఉంది. ఒక కొసన వేలంత ఉచ్చు, రెండో కొసన అంతకన్నా చిన్నది.