ఎడమ మూల మెనూ

"ఆ ఫోను అవతల పెట్టి పాలు చూడమ్మాయ్, పొంగిపోతాయ్!" అన్నారు అత్తగారు హాల్లోంచి.

ఆమె పాలనే చూస్తోంది. కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఎడమచేతిలో ఫోను పట్టుకుని ఆ చేతి బొటనవేలితోనే మెనూ తెరుస్తోంది, మూస్తోంది. బస్సు టికెట్ల యాప్ అది. తెర అడుగున ఎడమ మూల నొక్కితే చిన్న జాబితా పైకి లేస్తుంది: టికెట్ కొనడం, రద్దు చేయడం, సాయం అడగడం. అది ఎక్కడ లేవాలో, ఎప్పుడు ముడుచుకోవాలో, దేన్ని నొక్కితే ఏ పేజీ రావాలో అంతా ఆమె కట్టిందే. అందుకే ఆఫీసులో ఆమెను మెనూ మేడమ్ అంటారు. ఇంట్లో మాత్రం ఫోనుతో ఆడుకుంటుంది అంటారు.

పాప పుట్టాక పనంతా ఇంటినుంచే. "కూర్చునేది ఇంట్లోనేగా, ఇంక వంటమనిషి దేనికి?" అన్నాడు భర్త అప్పట్లో. నిజమే కదా అనుకుంది ఆమె. ఆ 'నిజమే కదా' అన్నమాట గుర్తొస్తే ఇప్పుడు తన నెత్తిన తనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. ఆనాటినుంచీ కుడిచెయ్యి ఇంటిసొత్తయిపోయింది. గరిటె, చీపురు, పాప నోటికి ముద్ద, అత్తగారి కాఫీ గ్లాసు. పాప నిద్రపోయినప్పుడు కోడ్ రాయడం, రాసింది నడుస్తోందో లేదో పొయ్యి దగ్గర నిలబడి ఎడమచేత్తో చూసుకోవడం. ఆ ఎడమ బొటనవేలు సామాన్యమైనదా! దాన్ని ఒంటరిగా ఆఫీసుకు పంపినా మెట్లెక్కి, హాజరు వేయించుకుని, మేనేజరును పలకరించి, పని ముగించుకుని భోజనాలవేళకు ఇల్లు చేరేది.

అలాంటి వేలు కట్టిన మెనూ మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. తెరుచుకున్నట్టే తెరుచుకుని దానంతటదే మూసుకుపోతోందట. జనం టికెట్ రద్దు చేసుకోలేక తిట్టిపోస్తున్నారట. ఆమె కోడ్ అంతా బియ్యంలో రాళ్లేరినట్టు ఏరింది. నొక్కేదానికీ వచ్చే పేజీకీ లంకె సరిగ్గానే ఉంది. పాత ఫోన్లలో చూసింది, కొత్త ఫోన్లలో చూసింది. ఆమె చేతిలో మాత్రం మెనూ బుద్ధిమంతురాలిలా నిలబడింది.

"నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ," అంది భర్తతో.

"నీ వంట లాగే అన్నమాట. నీకెప్పుడూ బాగానే ఉంటుంది, తినేవాళ్లకే తెలుస్తుంది," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు.

చివరికి మేనేజరు ఆఫీసుకు పిలిపించాడు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. "మీరే నొక్కి చూపించండి మేడమ్," అంటూ ఫోను అందించాడు.

కుడిచేతిలో ఏమీ లేదు. ఫోను దానంతటదే అందులోకి వెళ్లింది. కుడి బొటనవేలు తెర మీదుగా ఎడమ మూలకు సాగింది. జాబితా లేచింది. రద్దును అందుకోవడానికి వేలు వంగేసరికి దాని మొదలు తెరకు తగిలింది. జాబితా బయట ఎక్కడ తగిలినా మూసుకోవాలని రాసింది ఆమే. మూసుకుంది.

"అదిగో!" అన్నాడు పక్క సీటులోని తోటి ఉద్యోగి, హెడ్‌ఫోన్ల పెద్దమనిషి, దొంగను పట్టుకున్నట్టు.

"ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ మీ కంట పడలేదా?" అన్నాడు మేనేజరు.

నా కుడిచెయ్యి ఎప్పుడూ ఖాళీగా లేదు సార్, ఎడమచేత్తోనే నొక్కి చూసుకున్నాను. మాట గొంతుదాకా వచ్చింది. చెబితే నవ్వుతారేమో, ఇంటి గోల ఇక్కడెందుకంటారేమో. "చూసుకోలేదు సార్. పొరపాటు నాదే," అంది.

"పోనీలెండి. ఇకమీదట మెనూలు," అంటూ హెడ్‌ఫోన్ల పెద్దమనిషిని చూపించాడు, "ఈయన చూస్తారు. మీరు టెస్టింగ్‌లోకి వెళ్దురుగాని. పసిపిల్ల తల్లి, మీకూ తేలిగ్గా ఉంటుంది."

కోప్పడినా బాగుండేది. జాలిపడ్డాడు. మెట్లు దిగుతుంటే దిద్దుబాటు కళ్లకు కట్టింది. జాబితాను మధ్యకు జరిపి, వరుసల మధ్య ఎడం పెంచితే సరి, ఒక్క పూట పని. ఆ ముక్కయినా అని ఉండాల్సింది. నోరు తెరిచి ఉంటే మెనూ తనకే మిగిలేదేమో. ఇన్నేళ్ల పనిలో తనదని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఇంటికొచ్చి చెబితే భర్త టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, "మంచిదేగా! తేలిక పని. ఇంకనైనా వంట మీద కాస్త మనసు పెట్టొచ్చు," అన్నాడు.

ఆమె వంటింటి వైపు వెళ్లలేదు. అతడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపటినుంచి రోజూ ఆఫీసుకే వెళ్తానండీ. ముందు ఆ మెనూ నాకు తిరిగిమ్మని అడుగుతాను. ఇస్తారో ఇవ్వరో తెలీదు."

"మరి పొయ్యి దగ్గర ఎవరుంటారు?"

"మీకూ రెండు చేతులున్నాయి కదండీ," అంది. మేనేజరు ఎదుట రావలసిన గొంతు, ఇల్లు చేరాక వచ్చింది.