మోకాలి కింది సందు

నాలుగు రోజుల కింద మంచానికి ఆనుకుని ఉన్న లసుమవ్వ మోకాలి వెనక ఇవాళ పిడికిలి దూరేంత సందు ఉంది.

కళ్యాణి నిజంగానే పిడికిలి పెట్టి చూసింది. తీసి, కోణం కొలిచే స్కేలు ఆనించింది. పదిహేను డిగ్రీలు. మళ్ళీ కొలిచింది. పదిహేనే.

కళ్యాణి ఫిజియోథెరపిస్టు. కోరుట్ల నుంచి వారానికి రెండుసార్లు బస్సులో సిరిసిల్ల వస్తుంది. లసుమవ్వకు జగిత్యాలలో ఎడమ మోకాలి కీలు మార్చి ఇరవై నాలుగు రోజులైంది. కుట్లు మానాయి. వాపు తగ్గింది. వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. కానీ కాలు నిటారుగా చాపలేకపోతోంది.

కళ్యాణి ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసింది.

“ఆరు వారాలు దాటితే ఆ వంపు గట్టిపడిపోతుంది. తర్వాత జీవితమంతా కుంటడమే. లేదంటే మళ్ళీ మత్తిచ్చి థియేటర్లోకి తీసుకుపోవాలి,” అన్నాడాయన. “పద్దెనిమిది రోజులున్నాయి. కారణం పట్టుకో.”

ఫోన్ పెట్టేసి కోడలి వైపు తిరిగింది. “సుస్మితక్కా, ఎక్సర్‌సైజులు చేయిస్తున్నవా?”

“తప్పకుండ మేడం.” సుస్మిత గోడకు అంటించిన చార్టు చూపించింది. ఒక్క గడి ఖాళీ లేదు. “పొద్దుగాల ఇరవై, పొద్దూకి ఇరవై. మా అత్తమ్మ తిట్లు రాస్తె ఇంకో చార్టు కావాలె.”

“తిట్టక ముద్దు పెట్టుకుంటరా? పగవట్టినట్టు గుంజుతది,” అంది లసుమవ్వ.

“మోకాలి కింద మెత్త, దిండు ఏమన్న పెడ్తున్నరా? ఎత్తు మీదుంటె కాలు వంగినట్టే బిగుస్తది.”

“నువ్వు వద్దన్ననాడే మెత్తలన్ని సజ్జ మీదికి ఎక్కిచ్చిన. మడమ కింద తువ్వాల ఒక్కటే.”

“అవ్వా, నువ్వు చెప్పు. ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?”

“నాకేం తెల్వది,” అని లసుమవ్వ గోడ వైపు ముఖం తిప్పుకుంది.

తన మోకాలి కింద ఏముందో తెలియని మనిషి ఉండడు. కళ్యాణి ఇక అడగలేదు. కాలు కొంచెం పైకెత్తి వెనక చర్మం చూసింది. సన్నటి గీతలు పక్కపక్కనే అచ్చు పడినట్టున్నాయి. వాటి మధ్య తెల్లటి నూగు అంటుకుని ఉంది. రెండు వేళ్ళతో జాగ్రత్తగా తీసింది.

కొడుకు మధుకర్ తంగళ్ళపల్లి షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. అప్పుడే అన్నానికి వచ్చాడు. కళ్యాణి అతని అరచేతిలో ఆ నూగు పెట్టింది.

“ఇది ఏందన్నా?”

మధుకర్ దాన్ని వేళ్ళ మధ్య దారంలా పురి పెట్టాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

“మా తాన అంత పాలిస్టరే మేడం. కాలిస్తె కరిగి పూస లెక్క గట్టిగయితది. చూడు.”

అగ్గిపుల్ల గీశాడు. దారం భగ్గుమని కాలింది. కాగితం కాలిన వాసన వచ్చింది. మిగిలింది నలిపితే వేళ్ళకు బూడిద అంటింది.

“పూస కాలే. ఇది పత్తి నూలు,” అని మధుకర్ వెనక గది వైపు చూశాడు.

ఆ ఇంట్లో పత్తి నూలు ఒక్కరి దగ్గరే ఉంది. లసుమవ్వ భర్త గోవర్ధన్ వెనక గదిలో ఇంకా చేతిమగ్గం మీద తువ్వాళ్ళు నేస్తాడు. సుస్మిత తిన్నాక బీడీల ఆకు తేవడానికి వెళ్తుంది. అప్పుడు ఇంట్లో మిగిలేది ముసలివాళ్ళిద్దరే.

వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

కళ్యాణి లోపలికి వెళ్ళింది. గోవర్ధన్ మగ్గం ముందు కదలకుండా కూర్చున్నాడు. పక్కన గంపలో నూలు కట్ట ఉంది. నడుమ అణిగి, సరిగ్గా ఒక మోకాలు పట్టేంత పల్లం పడింది. ఎత్తి వాసన చూసింది. తాను రాసివ్వగా కొన్న, మోకాలికి పూసే నొప్పుల మందు వాసనే.

“గాయిన్ని ఏమనకు! నేనే పెట్టుమన్న!” మంచం మీంచి లసుమవ్వ అరిచింది.

“నువ్వు ఊకో,” అన్నాడు గోవర్ధన్. కళ్యాణి చేతిలోని కట్ట తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఆమె అడగలే బిడ్డా. నేనే పెట్టిన. మీరంత పోయినంక ఒక్కతే పండుకొని పండ్లు కొరుకుతది, కాలు సాపితె నరం గుంజుతున్నదని. నాకు తెలిసిన పని ఒక్కటే. దినమంత నేసి మగ్గం దిగేటప్పుడు పడుగు దారాలు ఒదులు చేసి లేస్తం. బిగువు మీద ఇడిచిపెట్టిపోతె తెల్లారేవరకు దారాలు తెగుతయి. నువ్వచ్చి కాలు గుంజవడ్తివి, కోడలు గుంజవట్టె. ఒదులు చెయ్యుమని ఒక్కరు చెప్పలే. పెద్ద డాక్టరు మర్సిపోయిండనుకున్న. గీ కట్ట పెట్టంగనే నిద్రవోయింది. మంచిగయితాందని రాత్రి గూడ పెట్టిన. ఆపరేషన్ అయినకాంచి నొప్పికి నా మొఖం గూడ చూడనిది, గీ నాలుగొద్దులు నాతోని నగుకుంట మాట్లాడింది. నువ్వు మెత్త వద్దంటివి. గిది మెత్త గాదు గద అని నాకు నేనే చెప్పుకున్న. గది అబద్ధమని పెట్టేటప్పుడే నాకు ఎర్కనే.”