ఒంటెద్దు వర్గం

తెల్లోడు చచ్చినప్పటినుంచి ఎర్రోడు గడ్డి సరిగా ముట్టడం లేదు. ఇద్దరూ నా ఎద్దులే. వానల్లేని ఏడు, మేత చాలక తెల్లోడు పోయాడు. కాడిలో ఎర్రోడిది ఎప్పుడూ కుడి పక్క. ఇప్పుడు ఒంటెద్దు బండికి కట్టినా, జతగాడు ఇంకా అక్కడే ఉన్నట్టు ఎడమకే ఒరుగుతాడు. రోడ్డు మీద ఎడమగా వేరే బండి వస్తే మాత్రం తలెత్తి పరుగందుకుంటాడు. ఆ పూట నాలుగు పరకలు తింటాడు. నాకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. వీడూ పోతే ఇంట్లో నేను మాట్లాడుకోవడానికి గోడలే దిక్కు.

అందుకే పంతొమ్మిది వందల అరవైమూడు దసరాకు, తనకల్లు దగ్గర ఎండిన చెరువులో బండ్ల పందెమంటే వాణ్ణి తోలుకుపోయాను. గెలవడానికి కాదు. వాడి ఎడమ పక్కన నాలుగు బండ్లు పరుగెత్తాలి, అంతే.

పందెం పెద్ద నారాయణప్ప ఎద్దుల నోళ్ళు తెరిచి, పళ్ళను బట్టి వయసు కట్టి వర్గాలు చేస్తున్నాడు. పాలపళ్ళవి ఒక వర్గం, రెండు పళ్ళవి ఒకటి, ఆరు పళ్ళవి ఒకటి. ఎర్రోడి నోరు చూడనే లేదు.

"రెండోది యాడప్పా?"

"సచ్చిపోయినాదన్నా. అందరి ఎనకాల ఇడువు, సాలు. ఓడిపోతే పోతి."

"జత లేందే ఏ వర్గంలో ఏసేది? పో, పో."

అప్పుడు కదిరి బస్సు డ్రైవరు యేసన్న అడ్డుపడ్డాడు. పేపర్లో చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు.

"ఆగన్నా. అమెరికాలో ఎండిన ఉప్పు చెరువులో ఒకాయప్ప ఇమానం ఇంజను పెట్టిన మూడు చక్రాల కారు తోలినాడంట, గంటకు నాలుగు నూర్ల మైళ్ళు! నాలుగు చక్రాలుండాల, ఇంజను చక్రాలనే తిప్పాల, ఇది కారే కాదు పొమ్మన్యారంట కార్ల సంఘమోళ్ళు. మోటారుసైకిళ్ళ సంఘమోళ్ళు పిలిచి మూడు చక్రాల వర్గంలో ఏసుకున్యారు. ఈయప్పకూ ఒక వర్గం పెట్టరాదా? నీ సొమ్మేం పోతాది?"

జనం ఈలలేశారు. నారాయణప్పకు కూడా హుషారొచ్చి, అన్ని పందేలూ అయ్యాక ఒంటెద్దు వర్గం ఉంటుందని చాటించాడు. యేసన్న నా భుజం తట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అంత మేలు చేసిన మనిషికి, నాకు కావలసింది ఇది కాదని ఏ నోటితో చెప్పను?

నా వంతు వచ్చేసరికి సగం జనం అన్నాలకు లేచిపోయారు. చెరువంతా మాదే. జెండా ఊపారు. ఎర్రోడు కాస్త దూరం నడిచి ఎడమకు తిరిగి చూశాడు. బీటలు వారిన నేల తప్ప అక్కడేమీ లేదు. ఆగిపోయాడు.

నాకు చెర్నాకోల ఎత్తబుద్ధి కాలేదు. బండి దిగి, వాడి ఎడమ పక్కకు పోయి, మెడకు భుజం ఆనించి "పదరా" అన్నాను. కదిలాడు. ఆ ఎండలో ఇద్దరం పరుగెత్తాం. గీత దాటేదాకా వాడు పక్కకు ఒరగలేదు.

"బండి దిగితే లెక్కకు రాదప్పా! ఒక్కడివే ఉండే వర్గంలో కూడా ఓడిపోతివే!" అన్నాడు నారాయణప్ప. అందరూ నవ్వారు. యేసన్న మాత్రం తల దించుకున్నాడు.

ఇంటిదాకా నేను బండెక్కలేదు, ఎడమ పక్కనే నడిచాను. ఆ సాయంత్రం ఎర్రోడు గడ్డి తిన్నాడు. నేను లేవగానే ఆపేశాడు. మళ్ళీ వాడి పక్కన కూర్చున్నాను.