ఆకుపచ్చ గీతలు ఎక్కువైపోయాయి

మా జైలు గేటు దగ్గర స్టీలు టిఫిన్ బాక్సు లోపలికి రానివ్వరు. లోపలేముందో బయటికి కనబడే ప్లాస్టిక్ బాక్సే తేవాలట. కొన్నాను. దాని మూత పట్టదు. నేరస్థుల మనస్తత్వం గురించి నేను రాసుకున్న నోట్సంతా ఇప్పుడు కూర వాసన. నూనె మరకల్లోంచి చదువుకోవాలి. విసుగొచ్చి బాక్సు తేవడం మానేశాను. దాంతో మధ్యాహ్నం తినడం కూడా మానేసినట్టయింది.

జైలనగానే కంగారు పడకండి. నేను శిక్ష పడి వెళ్లలేదు, ఎంట్రన్సు రాసి వెళ్లాను. ఫోరెన్సిక్ సైకాలజీలో పీజీ, రెండో ఏడు. ఖైదీలతో మాట్లాడి, వాళ్లని బయటికి పంపొచ్చో లేదో రిపోర్టు రాయడం నేర్చుకుంటున్నాను.

ఈ చదువులో చేరాక నాతో ఎవరూ మాట్లాడటం లేదు. ఎదురుగా కూర్చుంటే మనసు చదివేస్తానని వాళ్ల నమ్మకం. నాకు నా చేతిరాతే చదవడం రాదు. రూమ్మేటు గది ఖాళీ చేస్తూ, "నువ్వు ఊఁ, ఊఁ అంటూ వింటుంటే, చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకోవాలనిపిస్తోందే తల్లీ" అంది. పిన్ని ఒక్కసారి ఫోన్ చేసింది.

"మీ బాబాయ్ టీవీ రిమోట్ దాచేస్తున్నారే. ఇది దేనికి లక్షణం?"

"నువ్వు సీరియల్ మార్చవు కదా, దానికి లక్షణం పిన్నీ."

మళ్లీ చెయ్యలేదు. వదినైతే, "ఇదిగో, మీ చెల్లెలు. చూసి మాట్లాడండి" అని అన్నయ్యకి ఫోన్ అందిస్తుంది. అన్నయ్య అక్కడి ఎండ గురించి చెప్పి, ఇక్కడి ఎండ గురించి విని పెట్టేస్తాడు.

మాకు శిక్షణ ఇచ్చే మేడమ్‌ది ఒక పద్ధతి. ఖైదీతో నలభై నిమిషాలు మాట్లాడి రికార్డు చెయ్యాలి. తర్వాత దగ్గుతో సహా ప్రతి మాటా కాగితం మీద పెట్టాలి. మన మాటల కింద ఆకుపచ్చ గీత, ఖైదీ మాటల కింద ఎర్ర గీత. ఆకుపచ్చ పావు వంతు దాటితే ఇంటర్వ్యూ చెల్లదు, రెండో అవకాశం ఉండదు. మన సొంత సంగతి ఒక్క ముక్క చెప్పకూడదు.

నాకిచ్చిన మనిషి టైలర్ గారు. కోపంలో షాపు భాగస్వామి ప్రాణం తీసి, పన్నెండేళ్లుగా లోపలున్నాడు. పది రోజుల్లో విడుదల కమిటీ కూర్చుంటుంది. రిపోర్టు అందకపోతే మళ్లీ ఏడాది దాకా ఆయన పేరు ఎత్తరు.

గదిలో రెండు కుర్చీలు, నేలకి బిగించిన బల్ల. తలుపు వైపు కుర్చీ నాది, పారిపోవడానికి వీలుగా.

"కోపం వస్తే ఏం చేస్తారండీ?" అని మొదలుపెట్టాను.

"సూదిలో దారం ఎక్కిస్తాను. కోపంగా ఉంటే ఎక్కదు. ఎక్కిందంటే కోపం పోయినట్టే." ఆయన నా చొక్కా చేతి వైపు చూశాడు. "ఆ గుండీ ఊడేలా ఉంది తల్లీ. మొహం పీక్కుపోయింది. తిన్నావా?"

"లేదండీ" అన్నాను.

అక్కడ ఆగాలి. నేను ఆగలేదు. బాక్సు మూత దగ్గర ఎత్తుకుని, రూమ్మేటు, పిన్ని, అన్నయ్య ఎండ దాకా వెళ్లాను. ఆయన చక్కగా ఊఁ కొట్టాడు. "అప్పుడేమనిపించింది తల్లీ?" అని కూడా అడిగాడు. అది నేను రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న ప్రశ్న.

మర్నాడు లైబ్రరీలో కూర్చుని గీతలు గీశాను. ఆకుపచ్చ పెన్ను అయిపోయింది. ఎర్ర పెన్ను కొత్తగానే ఉంది.

నా సోది కొట్టేసి, ఆయన చెప్పని నాలుగు మంచి మాటలు రాసిస్తే పనైపోతుంది. కానీ అప్పుడు ఒక హంతకుణ్ణి నా కల్పన నమ్మి బయటికి పంపుతారు. ఉన్నదున్నట్టు ఇస్తే నా ఆకలికి ఆయన ఇంకో ఏడాది లోపల ఉండాలి. రెండు రోజులు ఆ కాగితాలు మోసుకు తిరిగి, మూడో రోజు ఉన్నదున్నట్టే ఇచ్చాను.

మేడమ్ అంతా చదివి కళ్లద్దాలు తీశారు.

"ఎవరు ఎవర్ని ఇంటర్వ్యూ చేశారమ్మా ఇందులో?"

"ఆయనే మేడమ్. బాగా చేశారు."

"నీకన్నా బాగా చేశాడు. రేపు నేనే వెళ్లి మాట్లాడతా. నువ్వు ఇక ఆయన్ని కలవకూడదు. ఈ పేపరు వచ్చే ఏడాది మళ్లీ చెయ్యాలి."

కమిటీ ఆయన్ని వదిలింది. మేడమ్ రిపోర్టు చూపించారు. 'ఎదుటివారి బాధ గమనిస్తాడా?' అన్న చోట, 'గమనిస్తాడు. ఆధారం: ట్రైనీ రికార్డింగు' అని ఉంది. నా చదువంతటిలో పనికొచ్చింది ఆ ఒక్క ముక్క. కింద ఇంకో మాట: 'నాతో మాట్లాడుతూ కూడా, ఆ అమ్మాయి తింటోందా అని రెండుసార్లు అడిగాడు.'

ఆయన వెళ్లిపోయాడు. గుండీ ఇంకా వేలాడుతూనే ఉంది. నిన్న సాయంత్రం ఎండ గురించి చెప్పాక అన్నయ్య, ఎందుకో తెలీదు, "తిన్నావా?" అన్నాడు. పావు వంతు గుర్తొచ్చి "ఆఁ" అన్నాను. పెట్టేశాడు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. సొంతవాళ్లు తిన్నావా అని అడిగితే ఎంతసేపు జవాబు చెప్పొచ్చు? రెండు నిమిషాలా, ఐదా? మీ ఇళ్లలో ఎంత నడుస్తోంది? అన్నయ్య మళ్లీ ఆదివారం చేస్తాడు. ఆలోపు కాస్త ఎవరైనా చెప్పండి, మీకు పుణ్యముంటుంది. మీ మనసులు చదవనని మాటిస్తున్నాను.