తన గురించి ఒక పేజీ

ప్రేమలత చింతపండు పిప్పితో చెంబు తోముతూ, మధ్యమధ్యలో అదే పిప్పితో తన వేళ్లు కూడా తోముకుంటోంది. చెంబు మెరిసింది. వేళ్ల నలుపు పోలేదు. పత్తి మొగ్గ గిల్లినప్పుడు అంటుకునే పసరు మొదట పచ్చగానే ఉంటుంది, తెల్లారేసరికి నల్లబడి చర్మపు గీతల్లోకి దిగిపోతుంది. ఈ కాలంలో ఊళ్లో ఆడవాళ్లందరి చేతులూ అట్లాగే ఉంటాయి కాబట్టి ఎవరూ ఎవరి చేతుల వంకా చూడరు. ఇవాళ మాత్రం చూసేవాళ్లున్నారు.

కుడి బొటనవేలి గోరు ఒక్కటే పొడుగ్గా ఉంది. ఇంటర్వ్యూకు గోళ్లు తీసుకుని పోవాలని ఫోను వీడియోలో చెప్పారంటూ సుప్రియ నిన్న నెయిల్ కట్టర్ తెచ్చి ఇచ్చింది. ప్రేమలత తొమ్మిది గోళ్లు తీసి పదోది ఉంచుకుంది. మొగ్గ గిల్లడానికి ఆ గోరే కత్తి. ఉద్యోగం వస్తుందో రాదో, సాయంత్రం మాత్రం చేలో మొగ్గలుంటాయి.

సుప్రియ ఆమె తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ పుణెలో కట్టడాల పనికి పోతారు, క్రిస్మస్‌కు వస్తారు, కొత్త సంవత్సరం ఆరాధన కాగానే మళ్లీ బస్సెక్కుతారు. మిగతా రోజులన్నీ ఇల్లు ఈ ఇద్దరాడవాళ్ల మీద నడుస్తుంది. సుప్రియకు ఇంకా ముప్పై నిండలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి పెళ్లి చేసుకుని వచ్చింది. ప్రేమలతకు నలభై ఆరు. పదో తరగతి పాసై, పెళ్లయి, క్రాసింగ్ పనిలో దిగి ఇరవై రెండేళ్లు.

క్రాసింగ్ అంటే విత్తన పత్తి పని. మధ్యాహ్నం ఆడ చెట్ల వరుసల్లో రేపు విచ్చుకోబోయే మొగ్గలు వెతికి, లోపలి కాడ తెగకుండా రేకులూ పుప్పొడీ గోటితో ఒలిచెయ్యాలి. మర్నాడు పొద్దున మగ చెట్ల పూలు తెంపుకొచ్చి ఆ కాడల మీద రుద్దాలి. ఒలిచిన మొగ్గ ఆ ఒక్క పూటే ఆగుతుంది. ఒక మొగ్గ సగం ఒలిచి వదిలేస్తే దాని విత్తనం కల్తీ అవుతుంది. అట్లాంటివి నాలుగు ఎక్కువైతే కంపెనీ పరీక్షలో రైతు పంటంతా పోతుంది. పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపుకు ప్రేమలత పెద్ద. పేరుకు పెద్దేగానీ ఆమె కూడా అందరితోపాటు ఒక వరుస పట్టుకుని వంగుతుంది. కిందటేడు భుజం లేవకపోతే గద్వాల దవాఖానలో చూపించుకుంది. వంగే పని మానెయ్యమన్నాడు డాక్టరు. వంగకుండా చేసే పని ఎక్కడుంటుందో ఆయన చెప్పలేదు.

అట్లాంటి పని ఒకటుందని ఇరవై రోజుల కిందట తెలిసింది. విత్తనాల కంపెనీకి ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్ కావాలట. పన్నెండు ఊళ్ల క్రాసింగ్ చేలు తిరిగి చూడాలి, గుంపులను నడిపించాలి, రైతులతో మాట్లాడాలి. అనుభవం ఉంటే పదో తరగతి చాలు, ఆడవాళ్లయితే మరీ మంచిది. ఆ మాట విన్న రోజు ప్రేమలత అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ గట్టు మీద నిలబడి చేను చూడటం ఎట్లా ఉంటుందో అని ఒక నిమిషం ఆగిపోయింది.

దరఖాస్తులో పేరూ ఊరూ రాయడం అయింది. రెండో కాగితం మీద ‘మీ వ్యక్తిత్వం, నాయకత్వ అనుభవం గురించి ఒక పేజీ రాయండి’ అని ఉంది. నాలుగు రోజులు ఆ పేజీ తెల్లగానే ఉండిపోయింది. అయిదో రోజు ప్రేమలత రెండు వాక్యాలు రాసింది. ఇరవై రెండేళ్లుగా క్రాసింగ్ చేస్తున్నాను. మా గుంపులో పద్నాలుగు మంది ఉన్నారు.

సుప్రియ చదివి తల పట్టుకుంది. నలుగురిని నడిపించే దాన్నని, ఓర్పు ఉన్నదాన్నని, ఎంత కష్టమైన పనైనా సాధిస్తానని రాయాలని బతిమాలింది.

“నా గురించి నేనే గట్ల రాసుకుంటె సదివెటోళ్లు ఏమనుకుంటరే? గీమెకు సిగ్గు లేదా అనుకోరా?”

ఆమె పెరిగిన పద్ధతి అది. సంబంధం చూడటానికి పోయినప్పుడు పెళ్లికొడుకు నోరు విప్పడు, వెంట వచ్చిన పెద్దమనిషి అతని గురించి చెబుతాడు. గుంపులోకి కొత్త మనిషి వస్తే, తీసుకొచ్చిన ఆమె ‘మంచి చెయ్యి’ అని పూచీ పడుతుంది. చివరికి చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా మనిషి తన తప్పులే చెప్పుకుంటాడు, మంచంతా దేవుడి ఖాతాలోకే పోతుంది. తన మంచి తానే చెప్పుకునే మనిషిని ప్రేమలత ఇంతవరకు ఓట్లప్పుడు తప్ప చూడలేదు. ఆ రెండు వాక్యాలతోనే దరఖాస్తు పంపింది. అయినా ఇంటర్వ్యూకు పిలిచారు. అప్పుడు ఆమెకు తోచింది ఒకటే. సుప్రియను వెంట తీసుకుపోతే సరి, చెప్పాల్సింది అది చెబుతుంది.

పొద్దున బయలుదేరే ముందు చేలోకి పోయి, ఎండ ముందు తగిలే తూర్పు వరుసలు మొదట రుద్దమని గుంపుకు చెప్పింది. జానకమ్మ కొంగు తలకు చుట్టుకుంటూ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏందే ప్రేమలతా, రేపట్నుంచి ఆఫీసరమ్మవా? చేన్లకు బూట్లేసుకొని వస్తవా?”

“బూట్లేసుకున్నా ముందుగాల నీ వరుసనే చూస్త.”

అందరూ నవ్వారు. ఆటో ఎక్కాక కూడా ప్రేమలత చేలవైపే చూసింది. ఒలవకుండా వదిలేసిన నిన్నటి పూలు గులాబీరంగుకు తిరిగిన తీరును బట్టి ఏ చేలో పని వెనకబడిందో ఆమెకు రోడ్డు మీదినుంచే తెలిసిపోతుంది. పక్కన సుప్రియ ఫోనులో చూసిన ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతూ ఉంది. ఆమె ఊఁ కొడుతూ ఉంది.

గద్వాలలో ఆఫీసు మేడ మీద ఉంది. బయట కుర్చీల్లో ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని నలుగురు కుర్రవాళ్లు కూర్చున్నారు. ప్రేమలతను మూడో మనిషిగా పిలిచారు. లోపల ఒక సారు, ఒక మేడం. పేరు, ఊరు, ఎన్నేళ్లుగా చేస్తున్నదీ చెప్పింది. మొగ్గ ఏ వయసుది ఒలవాలో సారు అడిగితే, ఇంత పొడుగున్నది అని వేలి కణుపు చూపించి చెప్పింది. ఆయన తల ఊపాడు. తర్వాత కాగితం తిప్పాడు. మీ వ్యక్తిత్వంలో గొప్ప బలం ఏమిటని అడిగాడు. మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భం చెప్పమన్నాడు.

ప్రేమలత బొటనవేలి గోటిని మరో చేత్తో కప్పుకుంది. చెప్పడానికి ఏమీ లేక కాదు. ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి, ఇది చెబితే గొప్పలు పోయినట్టు కాదా అనిపించి వెనక్కి పోతోంది.

“మా సుప్రియ బయట ఉంది సార్. ఆమెనడుగుండ్రి. నా సంగతి ఆమె చెప్తది.”

సారు నవ్వాడు. మేడం నవ్వలేదు, పిలవమంది.

సుప్రియ వచ్చి నిలబడే చెప్పింది. పాలిచ్చే తల్లికి అక్క ఎప్పుడూ నీడ దగ్గరి వరుస ఇస్తుందని చెప్పింది. ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరిని పక్కపక్క వరుసల్లో వెయ్యదనీ, వారం తిరక్కుండా ఆ ఇద్దరి మధ్య తను చేరి ఇటు మాట అటు అందిస్తుందనీ చెప్పింది. మూడేళ్ల కిందట కురుమూర్తి అనే రైతు విత్తనం పరీక్షలో పోయేలా ఉంటే, అక్క ఎకరన్నర చేను వరుస వరుసా తిరిగి, కల్తీ అంతా రెండు వరుసల్లోనే ఉందని పట్టుకుంది. ఆ కాయలన్నీ తెంపించింది. మిగతా పంట నిలబడింది. ఎవరు చేశారని కురుమూర్తి గట్టు మీద అరుస్తుంటే, తప్పు నాదే, నేనే సరిగా చూసుకోలేదు అంది అక్క. ఆ రెండు వరుసలూ పట్టింది కొత్తగా వచ్చిన ఒకామె.

“ఆ కొత్తామె నేనే మేడం. మా అక్క ఇంతవరకు ఇంట్ల గూడ ఆ మాట అనలే. తెల్లారి నా పక్క వరుస తను పట్టుకున్నది. అంతే.”

ప్రేమలత తల దించుకుని వింటోంది. తన మంచి వేరేవాళ్ల నోట వినడం ఆమెకు బాగానే ఉంది. ఆ మాటలు వింటూ మేడం తనను కాక సుప్రియను చూస్తోందన్న సంగతి కాసేపటికిగానీ గమనించలేదు.

మేడం సుప్రియ ఎంతవరకు చదివిందో అడిగింది. స్కూటీ నడపడం వచ్చా, ఫోనులో రిపోర్టు పంపగలవా, ఎన్నేళ్లు చేలో పని చేశావు అని అడిగింది. సుప్రియ ఆలోచించకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. తన తప్పు తానే చెప్పుకోగలిగిన మనిషి మాకు కావాలమ్మా అంటూ మేడం ఒక కొత్త దరఖాస్తు ఆమె చేతిలో పెట్టింది, రేపు పది గంటల్లోపు తెమ్మంది. తర్వాత ప్రేమలత వైపు తిరిగింది. మీ పని మీద మాకెంతో గౌరవం ఉంది, కానీ ఈ ఉద్యోగమంతా మాట్లాడటమే అని చెప్పింది. మెత్తగానే చెప్పింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. సుప్రియ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకుంది.

“నేను నింపనక్కా. నీ కోసం మాట్లాడిన, నా కోసం కాదు.”

“ఆకలైతుందా?” అంది ప్రేమలత.

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. పొద్దుటి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని ఇద్దరూ తిన్నారు. సుప్రియ దరఖాస్తును మంచం మీద పడేసి, కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి నీళ్లు పట్టడానికి పోయింది. పనికి వేళవుతోంది. ప్రేమలత మంచి చీర విప్పి పాత చీర కట్టుకుంది, దాని మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంది. ఎడమ చెయ్యి చొక్కాలో దూరడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

కోపం రాలేదని కాదు. వచ్చింది. అది సుప్రియ మీద నిలవలేదు, మేడం మీదా నిలవలేదు. అలిసిన పశువు ఎక్కడో ఒకచోట పడుకున్నట్టు కడుపులో పడుకుంది. మంచం అంచున కూర్చుని దరఖాస్తు మడతలు విప్పి, మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేసింది. ఈ పిల్ల రేపటినుంచి పక్క వరుసలో ఉండదు. గట్టు మీద ఉంటుంది. పై ఏడాదికి దీని భుజం కూడా తన భుజంలా కావడం కన్నా అదే నయం. ఆ మాట చెప్పాలనే ఉంది. చెబితే ఇది ఏడుస్తుంది, వద్దంటుంది, ఆ మాటకు మళ్లీ జవాబు చెప్పాలి.

సంచీలో చెయ్యి పెడితే ఆఫీసులో సంతకానికి ఇచ్చిన పెన్ను తగిలింది. తిరిగి ఇవ్వడం మరిచిపోయి తెచ్చేసింది. దాని మూత తీసింది. కాగితాన్ని మంచం మీద పరిచి, దాని మీద పెన్ను పెట్టింది. పెరట్లో బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. ప్రేమలత అటు చూడకుండా, పిలవకుండా, చెప్పులు తొడుక్కుని చేలవైపు వెళ్లిపోయింది.

ఫ్యాను గాలికి కాగితం అంచులు లేస్తూ పడుతూ ఉన్నాయి. మూత లేని పెన్ను మాత్రం ఖాళీగా ఉన్న పేరు గడి మీద కదలకుండా పడి ఉంది.