తెర మీద బాపు

నూలు దొరకక రామన్నపేటలో మగ్గాలు ఆగిపోయిన ఏడాది ఐలేశం పటాలంలో చేరి బర్మా దిక్కు వెళ్లాడు. కూతురు బాలనర్సమ్మకు అప్పుడు ఏడేళ్లు. ఆ తర్వాత తల్లి గోవిందమ్మ ఇంట్లో అతని మాట ఎత్తలేదు. పిల్ల బాపు ఎక్కడని అడిగితే ఏదో పని చెప్పి బయటికి పంపేది.

మరుసటి ఎండాకాలం యుద్ధం సినిమా చూపించే మోటారు ఊళ్లోకి వచ్చింది. పొద్దుగూకగానే సంత జాగాలో తెల్లగుడ్డ కట్టారు. గోవిందమ్మ రానంటే, బాలనర్సమ్మ పక్కింటి ముసలమ్మతో వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. తుపాకులు పేలుతుంటే పిల్లలంతా చెవులు మూసుకున్నారు. ఆమె మాత్రం తెర మీది మనుషులను వెతుకుతూ ఉంది. సిపాయిలు మూటలు మోసుకుంటూ వాగు దాటుతున్నారు. అందరికంటే వెనక ఉన్నతను ఎడమ భుజం వంచి నడుస్తున్నాడు. అచ్చం బాపు నడకే. మొహం చూసేలోపు ఎవరో అడ్డం నిలబడ్డారు. వాళ్లు తప్పుకునేసరికి తెర నిండా విమానాలు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. గోవిందమ్మ చేతిలో పని ఆపింది.

"మనిషి బక్కచిక్కిండా?" అని అడిగింది.

"మొకం కానరాలేదవ్వా."

మోటారు మరునాడు చిట్యాలకు పోతుందని విని, పొద్దున్నే జొన్నరొట్టెలు మూటగట్టి పిల్లను తీసుకుని నడిచింది గోవిందమ్మ.

చిట్యాలలోనూ అదే సినిమా. తెర మీద వాగు వచ్చింది. భుజం వంచి నడిచే అతను ఒడ్డెక్కి, వెనక్కి తిరిగి నవ్వాడు. మీసం కూడా సరిగా రాని కుర్రవాడు. బాలనర్సమ్మ తల్లి ఒడిలో మొహం దాచుకుంది. గోవిందమ్మ మాత్రం తెర ఆరిపోయేదాకా ఒక్కొక్కరినే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి తెలిసినవాళ్ల అరుగు మీద పడుకుని తెల్లారి తిరుగుదారి పట్టారు. పిల్ల ముందు నడుస్తోంది.

"మీ బాపు గట్ల నవ్వడు బిడ్డా," అంది గోవిందమ్మ. "నోటికి చెయ్యి అడ్డం వెట్టుకుంటడు."

పిల్ల ఆగి, ఎందుకని అడిగింది. చిన్నప్పుడు పన్ను విరిగిందని, దానికి సిగ్గని తల్లి చెప్పింది. రామన్నపేట వచ్చేదాకా అతని ముచ్చట్లే చెబుతూ నడిచింది.

యుద్ధం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల సిపాయిలు తిరిగొచ్చారు. గోవిందమ్మ వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగింది. ఐలేశాన్ని చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు, రజాకార్ల భయానికి వాడకట్టంతా ఊరు విడిచిపోతున్న రోజు, బాలనర్సమ్మ కూడా గిన్నెలు, బట్టలు మూటగట్టింది. గోవిందమ్మ గడప మీద నుంచి లేవలేదు.

"ఆయనొస్తె ఇంట్ల మనుషులుండాలె గద," అంది.

బాలనర్సమ్మ మూట విప్పి గిన్నెలు మళ్లీ పొయ్యి దగ్గర సర్దింది.