బరువు డబ్బా, తేలిక డబ్బా

ఊపితే గలగల.

అట్టడబ్బా లోపల బబుల్‌గమ్ బిళ్లలు ఆడుతున్నాయి… సందుల్లోంచి తియ్యటి వాసన.

గల్ఫ్‌లో, అల్ మవాలేలో మజహర్ కొట్టు. శుక్రవారం పొద్దు. గంగాప్రసాద్ రెండు చేతుల్లో రెండు డబ్బాలు. రెంటిలోనూ క్రికెట్ కార్డులే.

కుడిచేతిది ఏ కొట్లోనైనా దొరికేది. ప్రతి ప్యాకెట్‌లో కార్డులతో పాటు బబుల్‌గమ్. బరువైనది.

ఎడమచేతిది కార్డులు కూడబెట్టేవాళ్ల కోసం మజహర్ దుబాయ్ నుంచి తెప్పించింది. గమ్ లేదు. ప్యాకెట్లూ తక్కువే. తేలిక… మరీ తేలిక.

ధరలో పెద్ద తేడా లేదు. కానీ రాత్రికే ఫ్లైట్, సామాన్లో ఒక్క డబ్బాకే చోటు.

ఆర్మూర్‌లో కూతురు సింధూజ. గల్లీ క్రికెట్‌లో వికెట్ల వెనక నిలబడే పిల్ల. జట్టు కార్డులన్నీ దొరికాయి ఆమెకు — అరుదుగా వచ్చే వికెట్‌కీపర్ మెరుపు కార్డు తప్ప. ఫోన్‌లో ఒకటే పాట.

"బాపూ, గదొక్కటి తే. ఇంకేం వద్దు."

ఇంకేం వద్దట! బంగారం అడిగినా ఇంత హైరానా పడేవాడు కాదు.

"తేలిగ్గా ఉందని తీసేయొద్దన్నా," అన్నాడు మజహర్, కడప మనిషి. "దీంట్లో మెరుపు కార్డు ఒకటి ఖాయంగా ఉంటాది. దాంట్లో ఉంటే ఉంటాది, లేకుంటే ల్యా."

"బరువున్నదే మాల్, భాయ్. నా చెయ్యి అబద్ధం చెప్పది."

ఊరవతల ఘాలాలో, ఓ గోడౌన్‌లో లోడింగ్ పని గంగాప్రసాద్‌ది. మూట లేపి కిలోలు చెప్పేస్తాడు. బరువు డబ్బానే చంకన పెట్టుకున్నాడు.

బయట ఎండ… నిప్పులు చెరిగే ఎండ. బస్సు ఎంతకీ రాదు.

డబ్బా ఊపాడు.

గలగల లేదు.

మళ్లీ ఊపాడు. ఊహూ… గమ్ కరుగుతోంది! గోడౌన్‌లో వేసవికి ముద్దకట్టిన చాక్లెట్లు గుర్తొచ్చాయి. కార్డులన్నీ అతుక్కుపోతే? వికెట్‌కీపర్ మొహం ఊడొస్తే?

పరుగు!

జుమ్మా నమాజు వేళ. మజహర్ షట్టర్ దించుతున్నాడు — సగం… ఇంకాస్త…

"ఆగు భాయ్! నీకు దండం పెడ్త, మార్చియ్యి! దీన్ని ఫ్రిజ్‌ల పడెయ్, గట్టిపడ్తది!"

"చెయ్యి అబద్ధం చెప్పదంటివే?"

నవ్వుతూనే షట్టర్ ఎత్తాడు మజహర్.

బస్సులో, ఒళ్లో తేలిక డబ్బా. గంగాప్రసాద్‌కు ఒళ్లంతా సంబరం. మెరుపు కార్డు ఖాయం! ఎవరిదో మాత్రం డబ్బా చెప్పదు.

విప్పడు. సీలు సింధూజే చించాలి.

వికెట్‌కీపరేనా… కాకపోతే?

చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు.

చప్పుడు లేదు.

అయినా ఆర్మూర్ చేరేదాకా ఊపుతూనే ఉంటాడు…